బల్లిని ఎవరు కరిచారు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు సున్నపు బట్టీ దగ్గర రాళ్లు ఏరే మనిషి తట్ట బోర్లించి దుమ్ము దులుపుతోంది. అప్పుడే రాతిగది తలుపు తెరిచారు. లోపల పన్నెండుమంది పడుకున్నారు. పదకొండుమంది లేచారు.

నెల రోజుల్లో అలా లేవనివాళ్లలో అతను మూడోవాడు.

రాజు కొండమీద కొత్త కోట కట్టిస్తున్నాడు. కోటకు సున్నం కావాలి. సున్నానికి బట్టీ మండుతూ ఉండాలి. బట్టీలో మంట ఎగదోసేవాళ్లు చలికాలం మొదట్లో ఆరుబయటే పడుకునేవాళ్లు. వాళ్లమీద దయతలచి బట్టీ అధికారి బట్టీ గోడకు ఆనుకుని ఉన్న పొడవాటి రాతిగదిని వాళ్లకిచ్చాడు. గోడ వెచ్చగా ఉండేది. తలుపు మూస్తే చలి జాడే ఉండేది కాదు. అందరూ ఆయన్ని దీవించారు.

బట్టీకి ఒక నియమం ఉంది. ఎవరైనా పోతే, పోవడానికి కారణం చూపించేదాకా శవాన్ని లేపకూడదు. ఆ కారణం చేత్తో పట్టుకోగలిగేదై ఉండాలి: మీద పడిన రాయి, తెగిన మోకు, కాటేసిన పాము. దాన్ని తెచ్చి ద్వారబంధానికి కట్టాలి. అధికారి వచ్చి చూసి పుస్తకంలో రాసుకోవాలి. ఆ తర్వాతే మోసేవాళ్లు భుజం పట్టాలి.

అందుకని ఎవరైనా పోయిన పొద్దున తోటివాళ్లు గదంతా గాలించేవాళ్లు. ఎండ ముదరకముందే స్నేహితుణ్ణి సాగనంపాలని వాళ్ల ఆరాటం. మొదటిసారి గోడవార ఒక బల్లి దొరికింది. రెండోసారి ఇంకో బల్లి. ఈసారి కూడా బల్లే. పుస్తకంలో మూడుచోట్లా ఒకే మాట పడింది: విషబల్లి. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. శవం మీద ఈగలు వాలుతుంటే నిదానంగా ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. తీరిక ఉన్నవాడు అధికారి. ఆయన ఆలోచించలేదు, రాసుకున్నాడు.

రాళ్లు ఏరే మనిషి తట్ట పక్కన పెట్టి ద్వారబంధం దగ్గరికి వచ్చింది. ఆమె రోజుకు రెండు మూడు వందల సున్నపురాళ్లు తిరగేస్తుంది. రాయి కింద ఏముంటుందో ఆమెకు తెలిసినంతగా ఆ కొండల్లో ఇంకెవరికీ తెలియదు. ఆమె వేళ్లమీద కాట్లు చాలా ఉన్నాయి. అన్నీ మానినవే.

ద్వారబంధానికి కట్టిన బల్లిని తలకిందులుగా తిప్పి చూసింది. వెనకటి రెండూ ఎండి పక్కనే వేలాడుతున్నాయి.

"ఈ మూడూ ఒకటే అని ఎవరు చెప్పారు తాతా?" అంది.

బట్టీలో అందరికన్నా పెద్దవాడు తలపాగా విప్పి మొహం తుడుచుకుంటున్నాడు. "మూడూ బల్లులే కదమ్మా."

"మొదటిది నలికిరి. చూడు, ఎండినా పొలుసులు నూనె రాసినట్టే ఉన్నాయి, కాళ్లు పొట్టి. కొందరు నలికండ్లపాము అంటారు, పాము కాదు. రెండోది గోడబల్లి. మీ ఇంట్లో దూలం మీద టిక్కుటిక్కుమంటుందే, అదే. ఇవాళ్టిది మచ్చలబల్లి. తోక లావు, ఒంటిమీద పసుపుపచ్చ పట్టీలు. దీని కంటికి రెప్పలుంటాయి. గోడబల్లికి ఉండవు, నాలికతో కళ్లు తుడుచుకుంటుంది."

"పురుడు పోసినట్టే చెప్తున్నావు. ఏదైతేనేం, కరిస్తే చచ్చాడుగా."

"మూడూ నన్ను కరిచినవే. నేను చచ్చానా?"

"నువ్వు సున్నం తిని బతికేదానివి. నిన్ను కరిస్తే అదే చస్తుంది."

పక్కనున్నవాళ్లలో ఇద్దరు నవ్వారు. శవం గుర్తొచ్చి ఆపేశారు.

ఆమె బల్లి వీపు, పొట్ట, తల వేలితో నొక్కి చూసింది. "దీన్ని ఎవరు కొట్టారు?"

"ఎవరూ కొట్టలేదు. నేలమీద అట్లాగే పడుంది. అప్పటికే చచ్చింది."

"వెనకటివి?"

"అవీ అంతే."

"మనిషిని బల్లి కరిచింది సరే, బల్లిని ఎవరు కరిచారు తాతా?"

పెద్దాయన తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. మోసేవాళ్లు భుజం పట్టారు.

ఆ సాయంత్రం పదకొండుమందీ రాతిగదిలోకి వెళ్లేది లేదన్నారు. మళ్లీ ఆరుబయట పడుకున్నారు. రెండు రోజులకు సగంమందికి జలుబూ జ్వరమూ పట్టుకున్నాయి. మంట సన్నబడింది. కొండమీద మేస్త్రీలు సున్నం కోసం చేతులు కట్టుకుని కూర్చున్నారు. గోడ ఎందుకు లేవడం లేదని రాజు కబురు చేశాడు.

ఆ పదకొండుమందిలో ఆమె భర్త ఒకడు. మూడో రోజు మధ్యాహ్నం ఆమె అంబలి కుండ తెచ్చి అతని ముందు పెట్టింది.

"బయట పడుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయే," అన్నాడు అతను.

"పోతే పోయినాయి. నువ్వుంటే చాలు."

"బల్లికి విషం లేదని నువ్వే అంటివి. ఇంక లోపల పడుకోడానికేం?"

"లోపల పడుకున్నప్పుడు పొద్దున లేస్తే ఎలా ఉండేది? ఎప్పుడూ చెప్పలేదేం?"

అతను అంబలి తాగడం ఆపి ఆలోచించాడు. "తల బద్దలైపోయేది. తాగకుండానే తాగినట్టుండేది. ఎండలో నిలబడితే కాసేపటికి సర్దుకునేది. అందరికీ అంతే. మంట దగ్గర పని కదా అనుకున్నాం."

"ఈ రెండు రోజులూ?"

"లేదు."

"మీ నాన్న పాడుబావుల్లో పూడిక తీసేవాడు కదా మావా. మనిషిని దించే ముందు ఏం దించేవాడు?"

"దీపం," అన్నాడు. "దీపం ఆరితే దిగేవాడు కాదు." అన్నాక బట్టీ గోడ వైపు తిరిగి చూశాడు. అంబలి సగం మిగిలిపోయింది.

బట్టీ అధికారికి ఆ వారం రెండు చిక్కులు వచ్చాయి. పని ఆగింది. పని సాగాలంటే బల్లులన్నిటినీ చంపాలని, అందుకు మాఘం దాకా పడుతుందని ఆస్థాన విషవైద్యుడు చెప్పాడు. రాళ్లు ఏరే మనిషి బల్లులకు విషం లేదంటోందని అప్పుడే అధికారి చెవిన పడింది. నెల రోజులుగా ఆమె తట్ట ఆయన కాళ్ల ముందునుంచే వెళ్లివచ్చింది. ఆ రోజు మొదటిసారి ఆమెను కూర్చోమన్నాడు.

"ఆ మాట రాజుగారి ముందు చెప్పగలవా?"

"చెప్తానయ్యా. ఇంకో మాట కూడా ఉంది."

"ముందు ఆ మాట చెప్పు," అన్నాడు.

సభ మర్నాడు ఉదయం జరిగింది. విషవైద్యుడు గ్రంథం విప్పి చదివాడు. "ఈ బల్లి గోడ ఎక్కును. వాసముల మీదికి చేరి, నిదురించువాని మీదికి దూకును. కరిచినవాడు ఏడు అడుగులు నడిచేలోపల ప్రాణము విడుచును."

ఆమె కుండమీద గుడ్డ తీసి మచ్చలబల్లిని బయటికి తీసింది. అది బతికి ఉంది. నాలుగు కాళ్లమీద ఒళ్లు ఎత్తి, వీపు వంచి, నోరు తెరిచి బుస్సుమంది. సభలో ముందు వరసలో ఉన్నవాళ్లు రెండో వరసలోకి జరిగారు.

"ఇది భయపడినప్పుడు చేసే పని ప్రభూ. దాని దగ్గర ఉన్న ఆయుధం ఇంతే," అని దాన్ని గోడకు ఆనించి వదిలింది. జారి కిందపడింది. మళ్లీ ఆనించింది. మళ్లీ పడింది. "దీని వేళ్లు చూడండి. గోడబల్లికి వేళ్ల కింద మెత్తలుంటాయి. అందుకే అది గోడ ఎక్కుతుంది. దీనికి లేవు. గోడే ఎక్కలేనిది వాసాల మీదనుంచి ఎలా దూకుతుంది?"

రాజు గ్రంథం వైపు చూశాడు. విషవైద్యుడు తర్వాతి ఆకు తిప్పాడు.

ఆమె చూపుడువేలు బల్లి నోటికి అందించింది. అది కరిచి పట్టుకుంది. కాసేపటికి వదిలింది. వేలిమీద చిన్న గీరు, ఒక రక్తపు చుక్క. ఆమె లేచి నడవడం మొదలుపెట్టింది. సభంతా లెక్కపెట్టింది. ఏడు అయింది. ఎనిమిది అయింది. ఆమె సభచుట్టూ ఒక తిప్పు తిరిగి, మూలనున్న కాగులో నీళ్లు ముంచుకుని తాగి వచ్చి నిలబడింది.

"ఆడవాళ్లకు ఎక్కదు," అన్నాడు విషవైద్యుడు.

"అయితే గ్రంథంలో ఆ మాట రాయలేదేం స్వామీ?"

"ఏదో వేరు నమిలి వచ్చింది ప్రభూ."

"నమిలింది ఉల్లిపాయ. అంబలిలోకి."

"ఉదయంపూట దానికి విషం ఊరదు."

"పోనీ మీరు వేలు పెట్టండి. ఇప్పుడు ఉదయమే కదా."

"నాకేమైనా అయితే గ్రంథం చదివేదెవరు?" అన్నాడు విషవైద్యుడు. సభ దాన్ని సబబైన మాటగానే తీసుకుంది.

రాజుకు ఉత్సాహం వచ్చింది. "మరి తొండ రక్తం పీలుస్తుందంటారే? దాని మెడ ఎర్రగా ఉండడం నేనే చూశాను."

"జతకట్టే కాలంలో మగదాని మెడ ఎర్రబడుతుంది ప్రభూ. తాగిన రక్తమైతే మెడలో ఎందుకు నిలుస్తుంది, కడుపులోకి పోతుంది కదా."

"అన్నంలో బల్లి పడితే?"

"ఆ అన్నం పారబోయాలి. అది మురికిలో తిరిగే జీవి. వాంతులు ఆ మురికికి అవుతాయి."

"ఉడుము?"

"గట్టిగా పట్టుకుంటుంది. పుండవుతుంది. కడిగి కట్టుకట్టాలి. నేను ఎరిగినంతలో ఈ కొండల్లో మనిషిని కరిచి చంపే బల్లి ఒక్కటీ లేదు ప్రభూ."

రాజు లేఖరి వైపు తిరిగాడు. "రాయండి. బల్లికి విషం లేదు."

"అంటే రాతిగదిలో భయం లేదు ప్రభూ," అన్నాడు బట్టీ అధికారి.

"లేనట్టే కదా."

"ఉంది ప్రభూ," అంది ఆమె. "బల్లి చంపలేదంటే వాళ్లను ఇంకేదో చంపిందని. ఆ బల్లుల్ని కూడా అదే చంపింది. వాటి ఒంటిమీద దెబ్బ లేదు. బట్టీ ఆవిరి ఆ గోడ సందుల్లోంచి లోపలికి దిగి నేలమీద నిలుస్తోంది. పాడుబావిలో నిలిచినట్టే. సాయంత్రం తలుపు మూసి నేలమీద ఒక దీపం పెట్టండి. నిలిస్తే నా మాట అబద్ధం."

"నిన్ను పిలిచింది బల్లి సంగతి చెప్పడానికి," అన్నాడు అధికారి. "చెప్పావు. అందరం ఒప్పుకున్నాం. ఆవిరి సంగతి ఈ విచారణలో లేదు."

"ఒక్క దీపం అయ్యా. ప్రమిదెడు నూనె."

"విచారణ కాగితంలో దీపం లేదు."

రాజు కిటికీలోంచి సగం లేచిన గోడను చూస్తున్నాడు. ఆమెకు శాలువా కప్పమన్నాడు. కప్పారు. విషవైద్యుడు కూడా ఒక కొస పట్టుకున్నాడు. బల్లికి విషం లేదని తమ గ్రంథాల్లో పూర్వమే ఉందని ఆ సాయంత్రానికి ఆయన ఒక శ్లోకం కూడా కనుక్కున్నాడు.

ఆమె బట్టీకి చేరేసరికి దండోరా ముందే చేరింది. పదకొండుమందీ గొంగళ్లు చుట్టి చంకన పెట్టుకుని గది ముందు నిలబడ్డారు.

"నువ్వే చెప్పావంటగా," అన్నాడు ఆమె భర్త, "గదిలో భయం లేదని."

"నేను చెప్పింది బల్లికి విషం లేదని."

"తప్పెట కొట్టినవాడు రెండూ ఒకటే అంటున్నాడు."

"నువ్వేమంటావు?"

"నేననేదేముంది. వెళ్లకపోతే రాజాజ్ఞ ధిక్కారం అంటున్నాడు. అదిగో భటుడు, కొరడా పట్టుకుని నిలబడ్డాడు చూడు."

ఆమె శాలువా మడిచి గడపమీద వేసి, దానిమీద కూర్చుంది. వీపు తలుపుకు ఆనించింది. తెల్లారేదాకా అక్కడే ఉంది. తలుపు మూసుకోలేదు. లోపలివాళ్లు విసుక్కున్నారు. "తలుపు వెయ్యవే అక్కా, వెచ్చదనమంతా నీ శాలువాకే పోతోంది," అన్నాడొకడు. పొద్దున పదకొండుమందీ లేచారు. ఎవరికీ తలనొప్పి లేదు.

రెండో పొద్దున, మూడో పొద్దున కూడా పదకొండుమందే లేచారు. బట్టీ అధికారి కోటకు కబురు పంపాడు: ప్రభువుల ఆజ్ఞతో గదిలో చావులు ఆగాయి, మంట పుంజుకుంది. తలుపు సంగతి ఆ కబురులో లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇద్దరు భటులు ఆమె కోసం వచ్చారు. ఆమెను కోటలో బల్లుల తనిఖీకి అధిపతిగా నియమించారు. రాణివాసంలో గోడబల్లులు ఎక్కువయ్యాయట. అది గొప్ప గౌరవమని, రాత్రుళ్లు కూడా అక్కడే ఉండాలని చెప్పారు. ఆమె వెళ్లనంది. గౌరవాన్ని కాదనడానికి వీల్లేదని చెరొక రెక్క పట్టుకుని తీసుకెళ్లారు. వెళ్తూ ఆమె పెద్దాయన్ని పిలిచి, "తాతా, తలుపుకు రాయి అడ్డం పెట్టించు," అంది. పెద్దాయన తల ఊపాడు. రాయి పెట్టాడు కూడా. చీకటి పడ్డాక ఈదురుగాలి లేచింది. చలికి ఓర్వలేక లోపలివాళ్లెవరో రాయి తీసేశారు.

అయిదో పొద్దున ఎనిమిదిమంది లేచారు.

లేవని ముగ్గురిలో ఆమె భర్త ఉన్నాడు.

కారణం చూపించాలి కదా, ఎనిమిదిమందీ తూలుతూనే గదంతా వెతికారు. బల్లులు రెండు దొరికాయి, చచ్చినవే. బల్లి కారణం కాదని రాజాజ్ఞ ఉంది గనక అధికారి వాటిని పారేయించాడు. వేరే కారణం దొరకలేదు. ఎండెక్కింది. శవాలు లేవలేదు. పదకొండు గంటలకు అధికారే ఒక తడి గొంగళి తెచ్చి ద్వారబంధానికి కట్టించి పుస్తకంలో రాశాడు: చలి, మంచు. ఆ వారమంతా మంచు పడలేదు. గొంగళి అంచు నుంచి మధ్యాహ్నం దాకా నీళ్లు ధారగా కారుతూనే ఉన్నాయి.

కబురంది ఆమె కోటనుంచి వచ్చేసరికి ఆ నీళ్ల మడుగు గడప దాటింది. భర్త మొహం మీద గుడ్డ తీసి చూసింది. కప్పింది. ఏడవలేదు. పెద్దాయన దగ్గరికి వెళ్లింది.

"ఒక ప్రమిద కావాలి తాతా."

పెద్దాయన తెచ్చిచ్చాడు. శవాలను బయట చెట్టు నీడకు చేర్చారు. కారణం పుస్తకంలో పడింది గనక అందుకు అభ్యంతరం లేకపోయింది. ఆమె దీపం వెలిగించి గది మధ్యన నేలమీద పెట్టి, తలుపు మూసి, దానికి ఎదురుగా చతికిలబడింది. ఎనిమిదిమంది ఆమె వెనక నిలబడ్డారు. బట్టీ మండుతోంది. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నారు.

తలుపు తెరిచారు. ప్రమిదలో నూనె అంచుదాకా ఉంది. వత్తి నల్లగా ఉంది.

ఆవిరి బయటికి పోయాక ఆమె మళ్లీ వెలిగించింది. ఈసారి తలుపు తీసే ఉంచింది. దీపం వెలుగుతూనే ఉంది.

"ఆ ఈదురుగాలికి రాయి తీసింది నేనే," అన్నాడు ఎనిమిదిమందిలో ఒకడు. అతనే ముందు కదిలి తలుపు పట్టుకున్నాడు. మిగిలినవాళ్లు గడ్డపారలు తెచ్చారు. బందులతో సహా ఊడబెరికారు. మోసుకెళ్లి బట్టీలో తోశారు. పాత టేకు తలుపు. చాలాసేపు కాలింది.

మర్నాడు ఆ ఎనిమిదిమందికీ తలా పన్నెండు కొరడా దెబ్బలు కొట్టారు. రాజుగారి తలుపు తగలబెట్టినందుకు. ఆమెకు శిక్ష లేదు, సన్మానం పొందిన మనిషి గనక. గొంగళిని మాత్రం ద్వారబంధం నుంచి విప్పలేదు. అది నెమ్మదిగా ఆరింది.

తొమ్మిది రోజుల తర్వాత ఒక సంగతి తెలిసింది. రాజుగారి గుర్రాల లెక్క రాసే లేఖరి మారాడు. కొత్తవాడు పాత పుస్తకం తిరగేస్తూ, చలికాలానికి ముందు, వానలు తగ్గిన రోజుల్లో బట్టీ అధికారి చేతిరాతతో ఉన్న ఒక పుట దగ్గర ఆగాడు. అందులో ఇలా ఉంది:

"బట్టీ పక్క రాతిగదిలో కట్టిన గుర్రములలో రెండు చనిపోయినవి. కారణము: మూసిన తలుపు, బట్టీ ఆవిరి. మిగిలిన గుర్రములను ఆ పూటే కొండకు అవతలి పక్కకు మార్చడమైనది. గది ఖాళీగా ఉన్నది. కూలీలకు పనికివచ్చును."